జాడీల్లోకి దిగే వసంతం

వసంతం అనగానే మనకేం గుర్తొస్తుంది? కేలండరు బొమ్మలో మామిడి కొమ్మ, దాని మీద కోయిల. రేడియోలో అయితే ఉగాది కవి సమ్మేళనం. బాగానే ఉంది. కానీ బెజవాడలోనో, చుట్టుపక్కల కృష్ణా డెల్టా ఊళ్ళలోనో ఇల్లు నడిపే ఆడవాళ్ళని అడిగి చూడండి. "వసంతమా? కొత్త చింతపండు వచ్చే రోజులు కదూ!" అంటారు.

నవ్వుకోకండి. ఆ మాటలో చాలా ఉంది. మన వైపు వసంతం మరీ చిన్నది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఏప్రిల్ నెలాఖరుకి మేడ మీద కాలు పెట్టలేం. ఈ మధ్యలో దొరికేది ఏడెనిమిది వారాలు. ఆ కాస్త వ్యవధిలోనే ఇంటికి ఏడాది పొడుగునా కావలసినవి ఒక్కొక్కటే గడప దాటి లోపలికొస్తాయి. చింతపండు, మినుములు, మిరపకాయలు, పసుపు, వేపపువ్వు, చివరికి మామిడికాయ. అందుకే మన వసంతం పూలతో మొదలై జాడీల్లో ముగుస్తుంది. రండి, ఆ దారి వెంట ఓసారి నడిచొద్దాం.

పొద్దున్నే కనిపించేది

మీరు బెజవాడ వాళ్ళైతే ఫాల్గుణంలో ఒకరోజు, పిల్లల స్కూలు హడావిడి మొదలవకముందే, ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్ళండి. నీళ్ళ మీంచి వచ్చే గాలిలో ఇంకా కాస్త చల్లదనం ఉంటుంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. ఎండ ఎక్కకముందు రెండూ ఎంత నెమ్మదిగా కనిపిస్తాయో! ఊళ్ళోకి తిరిగొస్తుంటే కానుగ చెట్లు లేతాకు వేసి మెరుస్తుంటాయి. ఇంకొన్నాళ్ళకి వాటి కింద పూలు రాలి, ఎవరో పేలాలు చల్లినట్టుంటుంది.

ఉగాది ఒక్కో ఏడు మార్చి మూడో వారంలోనే వచ్చేస్తుంది, ఒక్కో ఏడు ఏప్రిల్ రెండో వారం దాకా జరుగుతుంది. ఎప్పుడొచ్చినా ఆ రోజు నుంచీ శ్రీరామనవమి దాకా కొండ మీద అమ్మవారికి వసంత నవరాత్రులు. రోజుకో రకం పూలతో అర్చన చేస్తారు. దసరా నవరాత్రుల తొక్కిసలాట ఉండదు కాబట్టి, నిదానంగా దర్శనం చేసుకోవాలనుకునేవాళ్ళకి ఇవే మంచి రోజులు.

ఇక మల్లెలు! మైలవరం, జి.కొండూరు వైపు తోటల నుంచి ఊళ్ళోకి దిగుతాయి. సాయంత్రం కట్టిన దండ మూర చొప్పున కొనుక్కోవడం తేలికే. కానీ మధ్యాహ్నమే విడి మొగ్గలు తెచ్చుకుని, నానబెట్టిన అరటినారతో మనమే కట్టుకుంటే ఆ సరదాయే వేరు. మొగ్గలు ఎంచడం కూడా ఒక విద్యే సుమండీ. తెల్లగా, నిండుగా ఉన్న మొగ్గ ఆ రాత్రికి విచ్చుకుంటుంది. ఆకుపచ్చ ఛాయ పోని చిన్నమొగ్గ మర్నాటికీ అలాగే ముడుచుకుని ఉంటుంది. కట్టిన దండని తడిగుడ్డలో చుట్టి మంచినీళ్ళ కుండ పక్కన పెట్టండి, రాత్రి భోజనాల వేళకి ఇల్లంతా తెలుస్తుంది.

పొలం నుంచి వంటింటికి

డెల్టా మినుము ఎలా పండుతుందో ఎప్పుడైనా విన్నారా? వరికోతకి రెండు మూడు రోజుల ముందే, పైరు ఇంకా నిలబడి ఉండగానే, ఆ తడి నేలలో మినుములో పెసలో చల్లేస్తారు. వరి కోసి తీసేసరికి కింద మొలకలు కనిపిస్తాయి. మళ్ళీ దున్నేది లేదు. మట్టిలో మిగిలిన తేమతో, రాత్రిళ్ళు కురిసే మంచుతో పంట ఎదుగుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తుంది. ఉగాది నాటికి కొత్త మినుములు బజార్లో ఉంటాయి. వరి వదిలిన తడితో ఇంకో పంట తీయడం, మన ఇళ్ళలో గంజి కూడా పారబొయ్యకుండా వాడుకోవడం లాంటిదే కదూ!

కొత్త మినుములు రాగానే మీరు చెయ్యవలసిన మొదటి పని సున్నుండలు. పొట్టుతోనే సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. తొందరపడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండి, ఉండ నోట్లో అంటుకుంటుంది. మరీ మెత్తగా కాకుండా కాస్త పలుకుగా విసిరించి, బెల్లం కలిపి, కాచిన నెయ్యి పోసి చుట్టండి. పరీక్షలు రాసే పిల్లలకి పొద్దున్నే ఒకటి చేతిలో పెడితే పదింటి దాకా ఆకలనరు.

ఏటికి అవతల, తెనాలి దగ్గర దుగ్గిరాలలో కొత్త పసుపు వచ్చేదీ ఈ రోజుల్లోనే. గుంటూరు యార్డుకి మిరపకాయలు బస్తాలకి బస్తాలు దిగేదీ ఇప్పుడే. ఏడాది కారం కొట్టించుకునేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కాయ రంగు చూసి మురిసిపోకుండా, ఒకటి విరిచి చూడండి. ఫెళ్ళున విరిగితే ఎండినట్టు. మెత్తగా వంగితే ఇంకో రెండు ఎండలు కావాలి. తేమ ఉన్న కాయ పట్టిస్తే వానాకాలానికి కారం గడ్డకడుతుంది.

చింతపండు సంగతి వేరే చెప్పాలా? గింజ, పీచు తీసి, చేతికి తడి తగలకుండా, రాతి ఉప్పు చల్లుకుంటూ జాడీలో అదిమి పెట్టుకోవాలి. రానురానూ నల్లబడుతుంది, పులుపు మాత్రం నిలుస్తుంది. తీసిన గింజలు పారెయ్యకండి. వాటి కథ ఒకటుంది, కాసేపట్లో చెబుతాను.

వేపపువ్వు డబ్బుపెట్టి కొనేది కాదు. తెల్లవారుజామున చెట్టుకింద పాత చీర పరిస్తే చాలు, అదే రాలి ఇస్తుంది. ఈనెలు ఏరేసి నీడపట్టున ఆరబెట్టి సీసాలో పోసుకోండి. పిడికెడు పువ్వు నేతిలో ఎర్రగా వేయించి, ఉప్పు వేసి, వేడన్నంలో మొదటి ముద్దకి కలుపుకుంటే నోటికి రుచి తెలిసొస్తుంది. జ్వరం పడి లేచినవాళ్ళకి చారులో వేసి పెట్టేవారు మన పెద్దవాళ్ళు.

మేడ ఎవరిది?

ఇవన్నీ ఎండబెట్టాలంటే మేడ కావాలి. పూర్వం ఎవరి డాబా వాళ్ళది. ఇప్పుడు మొగల్రాజపురం చూడండి, పటమట చూడండి, ఎక్కడ చూసినా అపార్టుమెంట్లే. మేడ పదిమందిదీ. నీళ్ళ టాంకులు, డిష్షులు, బట్టల తీగలు పోగా మిగిలిన జాగాలో పదిమంది చాపలు పరవాలి. వరసలు వేసుకోవాలి.

దీనివల్ల ఒక మంచి కూడా జరిగిందండోయ్! ఒకే మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఏడాదంతా తలుపులు వేసుకునే ఉండేవాళ్ళం, ఈ ఏడెనిమిది వారాలూ మాట్లాడుకుంటాం. "మీ సగ్గుబియ్యం వడియాలు విరగడం లేదే, ఎసరు ఎంత పోశారు?" అని ఒకరు. "కాకులకి నల్లగుడ్డ కట్టండి, దగ్గరికి రావు" అని ఇంకొకరు. గోదావరి జిల్లా ఆవిడ ఒక రకంగా, రాయలసీమ ఆవిడ ఇంకో రకంగా, మన కృష్ణా జిల్లా వాళ్ళం మరో రకంగా చేసుకునే ఊరమిరపకాయలు పక్కపక్కనే ఎండుతాయి. సాయంత్రానికి నాలుగేసి చేతులు మారతాయి.

వడియాలు, పచ్చళ్ళు కొనుక్కునేవాళ్ళని నేను తప్పుపట్టను. పొద్దున్న ఎనిమిదింటికి బస్సెక్కి రాత్రి ఏడింటికి ఇల్లు చేరే అమ్మాయి చింతపండు గింజ తీస్తూ కూర్చోవాలని ఏ శాస్త్రంలోనూ లేదు. చెయ్యగలిగినవాళ్ళు చేస్తారు, చెయ్యలేనివాళ్ళు చేసినవాళ్ళ దగ్గర కొంటారు. ఆ చేసేవాళ్ళూ ఎక్కువమంది ఆడవాళ్ళే, ఆ డబ్బు ఇంకో ఇంటి పొయ్యి వెలిగిస్తుంది.

కాలువ కట్టేస్తారట!

బెజవాడలో కుళాయి తిప్పుకునేవాళ్ళకి తెలియని వసంతం ఇంకొకటుంది. అది సముద్రం దగ్గరి పల్లెలది. అవనిగడ్డ, నాగాయలంక, బంతుమిల్లి వైపు మీ చుట్టాలుంటే ఈ రోజుల్లో ఫోన్ చెయ్యండి. "కాలువ కట్టేస్తారట, చెరువు నిండుతుందో లేదో" అనే మాట వినిపిస్తుంది. ఎండాకాలం కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. ఆపేలోగా ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వచ్చేదాకా తాగడానికీ, వండుకోడానికీ ఆ నీళ్ళే. అక్కడ చాలా చోట్ల బోరు వేస్తే పడేది ఉప్పునీరు. ఆ నీటితో పప్పు ఉడకదు, కాఫీ నోట పెట్టలేం. నింపిన చెరువు చూస్తే అక్కడి ఆడవాళ్ళకి మనకి నిండిన జాడీ చూసినంత నిశ్చింత.

ఈ కాలువలన్నిటికీ మొదలు మన ఊళ్ళోనే ఉంది. కాటన్ దొర రోజుల్లో, 1852లో మొదలుపెట్టి 1855కి కృష్ణకి ఆనకట్ట కట్టారు. దాదాపు వందేళ్ళు నిలిచి 1952 వరదలో దెబ్బతింది. దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 70 గేట్లు. సుమారు 13 లక్షల ఎకరాల డెల్టాకి నీళ్ళు ఇక్కడినుంచే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ మన వీధుల మధ్యనుంచే పోతాయి. రిక్షాలోనో ఆటోలోనో వంతెన దాటుతూ ముక్కు మూసుకుంటాం గానీ, మనం పడేసిన కవరు కింద ఏ ఊరి చెరువు తూము దగ్గర తేలుతుందో ఆలోచించం. ఆ చెరువు నీళ్ళతో వంట చేసేది కూడా మనలాంటి ఇల్లాలే. ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుంటే చాలు, చెత్త సంచి కాలువలోకి విసరడానికి చెయ్యి రాదు.

జాడీ ఖాళీ అయిన ఏడు

నీళ్ళు లేకపోతే ఒక బాధ, ముంచెత్తితే ఒక బాధ. 2024 సెప్టెంబరు 1 బెజవాడ వాళ్ళు మరిచిపోయే తేదీ కాదు. బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చేశాయి. రోజుల తరబడి తియ్యలేదు. అదే సమయంలో ఇటు కృష్ణలో బ్యారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కుల వరద. బ్యారేజీ కట్టాక అంత ప్రవాహం ఎప్పుడూ రాలేదు.

నీళ్ళు తీశాక అందరూ టీవీలు, ఫ్రిజ్‌లు, స్కూటర్లు, పుస్తకాలు లెక్క చూసుకున్నారు. అవి పెద్ద నష్టాలే, కాదనను. కానీ వంటింటి కింది అరలో జాడీల మాట ఏమిటి? ఏప్రిల్‌లో అదిమిన చింతపండు, ఉగాదికి కొట్టించిన కారం, మేలో పెట్టిన ఆవకాయ. జాడీడు ఆవకాయకి నష్టపరిహారం ఎంతని కట్టాలి? కారం, పప్పు మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆవకాయ పెడదామంటే సెప్టెంబరులో మామిడికాయ ఎక్కడ దొరుకుతుంది? డబ్బున్నా దొరకదు. మళ్ళీ వసంతం వచ్చేదాకా ఆగాల్సిందే. ఇల్లు సర్దుకుంది అనిపించేది గోడకి సున్నం వేసినప్పుడు కాదండీ, జాడీ మళ్ళీ నిండినప్పుడు.

ఆ వరద తర్వాత తొలి ఉగాది 2025 మార్చి 30న వచ్చింది. ఆ ఏడు ఆవకాయ పెట్టుకున్న ఇళ్ళలో చాలామందికి మొదటి ముద్దకి కళ్ళనీళ్ళు తిరిగి ఉంటాయి, కారానికి మాత్రమే కాదు.

పల్లపు వీధుల్లో ఉండేవాళ్ళు వానలు మొదలయ్యేలోగా జాడీలు పై అరలోకో అటక మీదికో ఎక్కించండి. రెండు మూడు చిన్న జాడీలుగా చేసి, ఒకటి ఎత్తున ఉన్న ఊళ్ళో అక్కయ్య ఇంట్లోనో ఆడపడుచు ఇంట్లోనో ఉంచితే ఇంకా మంచిది. ఎలాగూ వాళ్ళకీ పెట్టాలనుకుంటాం కదా!

చింతగింజ చెప్పే కథ

గింజల కథ చెబుతానన్నాను. బెజవాడకి 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉంది. అక్కడ తెల్లపొణికి అనే తేలికైన కర్రతో బొమ్మలు చెక్కుతారు. కాళ్ళు, చేతులు విడివిడిగా చెక్కి, అతికించడానికి మక్కు వాడతారు. మక్కు అంటే చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపి చేసిన ముద్ద! మన వంటింట్లో చెత్తబుట్టలోకి పోయేది అక్కడ దశావతారాల చేతులు నిలబెడుతోంది.

అటు బందరు దగ్గర పెడన వెళితే కలంకారీ అద్దకం చూడొచ్చు. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. నల్ల రంగు కోసం ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానబెట్టి పులియబెడతారు. కరక్కాయ, పాలు, బెల్లం... వంటింటి సామానంతా అక్కడే ఉందనిపిస్తుంది! అద్దిన గుడ్డని పారే నీళ్ళలో జాడించాలి, కాబట్టి వాళ్ళకీ కాలువ కావాలి. ఆ చీర కట్టుకున్నప్పుడు ఈ సంగతి గుర్తొస్తే దాని విలువ ఇంకాస్త పెరుగుతుంది.

పిల్లల పరీక్షలు అయ్యాక, ఎండలు ముదరకముందే, నలుగురు స్నేహితురాళ్ళు కలిసి ఒకరోజు కొండపల్లి, ఇంకోరోజు పెడన వెళ్ళిరండి. పులిహోర, దద్దోజనం కట్టుకోండి. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగొచ్చెయ్యొచ్చు. "ఇంట్లో ఎవరు చూస్తారు?" అనకండి. ఒక పూట వాళ్ళే చూసుకుంటారు. పప్పు ఎక్కడుందో మగవాళ్ళకి తెలియాలి కదా!

మీ హాబీ ఏమిటి?

ఏ ఫారంలోనైనా "హాబీలు" అన్న గడి కనిపిస్తే మనలో చాలామంది ఖాళీగా వదిలేస్తాం. అడిగినా "మాకేం హాబీలండీ, ఇంటిపనే సరిపోతుంది" అంటాం. మరి చీకట్లో కూడా వేలితో తడిమి రేపు విచ్చుకునే మొగ్గేదో చెప్పగలగడం, వాసన చూసి మినుము వేగిందో లేదో పట్టెయ్యడం, కాయ విరిగిన చప్పుడుతో మిరపకాయ ఎండిందని తెలుసుకోవడం, వీటినేమంటారు? ఇందులో పనీ ఉంది, సరదా కూడా ఉంది. ఇష్టంగా చేసినంతవరకూ హాబీయే. ఒక్కరి నెత్తినే పడితే మాత్రం చాకిరీ. కాబట్టి చింతపండు గింజ తీసేటప్పుడు ఇంటిల్లిపాదినీ చుట్టూ కూర్చోబెట్టండి. కబుర్లలో రెండు కేజీలు ఎప్పుడయ్యాయో తెలియదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వసంతంలోనే ఒక నోటుబుక్కు తీసి వాళ్ళ కొలతలు రాసి పెట్టుకోండి. వాళ్ళు సోల అంటారు, తవ్వ అంటారు, మానిక అంటారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని లెక్క మనకీ తెలుసు. కానీ వాళ్ళు "ఆ ఇత్తడి సోలతో తలకొట్టి కొలిచి" అంటే ఎంతో, కేజీల్లో తూచి చూసుకుంటేనే తెలుస్తుంది. కాయలెన్ని, ఆవపిండి ఎంత, కారమెంత, ఉప్పెంత, నూనె ఎంత, ఏ తేదీన పెట్టారు, అన్నీ రాయండి. ఆవకాయ ఇంటింటికీ వేరు. ఆ కొలత మీ ఇంటిది, ఇంకెక్కడా దొరకదు. జాడీ పోతే మరో వసంతానికి నిండుతుంది, చేతి కొలత పోతే నిండదు.

అన్నట్టు, ఆ పుస్తకం కూడా పై అరలోనే పెట్టండేం!